ఇంటర్వ్యూలో మా ఊరి సొసైటీ: గ్రామీణ బ్యాంకు స్కేల్-1 ప్రిపరేషన్ అనుభవం

అందరికీ నమస్కారం. గ్రామీణ బ్యాంకు ఆఫీసర్ స్కేల్-1 పోస్టుకి రెండోసారి రాసి సెలెక్ట్ అయ్యాను. మాది అమలాపురం దగ్గర ఒక పల్లె. రీజనింగ్, క్వాంట్ ఎలా చదవాలో చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు. నేను మొదటిసారి ఎక్కడ దెబ్బతిన్నానో అక్కడి నుంచే చెబుతాను.

ఆ ఏడాది ప్రిలిమ్స్, మెయిన్స్ రెండూ దాటాను. ఇంటర్వ్యూ బోర్డులో ఒకాయన నా ఫారం చూసి, "ఏమ్మా, కోనసీమేనా మీది? మీ ఊళ్ళో సొసైటీ ఉందా?" అని అడిగారు. ఉందన్నాను. "దాన్ని ఎవరు రెగ్యులేట్ చేస్తారు?" తడుముకోకుండా "ఆర్‌బీఐ సర్" అన్నాను. "అందులో డిపాజిట్ వేస్తే 5 లక్షల దాకా ఇన్సూరెన్స్ ఉంటుందా?" "ఉంటుంది సర్." ఆయన ఇంకేమీ అడగలేదు. కాగితం పక్కాయన వైపు జరిపారు.

రెండు జవాబులూ తప్పే. ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘానికి, అంటే మనం సొసైటీ అనేదానికి, బ్యాంకింగ్ నియంత్రణ చట్టం వర్తించదు. అది రాష్ట్ర సహకార శాఖ రిజిస్ట్రార్ కింద ఉంటుంది. డిపాజిట్ ఇన్సూరెన్స్ కూడా దానికి లేదు. దాని పైన ఉండే జిల్లా కేంద్ర సహకార బ్యాంకుకి, ఆ పైన ఆప్కాబ్‌కి, అంటే రాష్ట్ర సహకార బ్యాంకుకి, మాత్రం రెండూ ఉన్నాయి. సహకార బ్యాంకులు ఆర్‌బీఐ నియంత్రణలోకి వచ్చింది 1966 మార్చి 1న, సొసైటీలు మాత్రం రాలేదు. ఈ తేదీ నా నోట్సులో ఎర్ర ఇంకుతో రాసే ఉంది. అయినా మా ఇంటి ఎదురుగా, పంట కాలువకి అవతలి ఒడ్డున ఉన్న సొసైటీకీ ఆ తేదీకీ ఉన్న సంబంధం నాకు తట్టలేదు. చిన్నప్పుడు నాన్నతో వెళ్ళి ఆ గోడౌన్‌లో యూరియా బస్తాల మీద కూర్చున్నదాన్ని నేను.

రిజల్ట్ వచ్చాక రెండు వారాలు పుస్తకం ముట్టలేదు. ఒక రోజు అమ్మ ట్రంకు పెట్టె సర్దుతుంటే తాతయ్య సొసైటీ పాస్‌బుక్ దొరికింది. అట్ట ఊడిపోయింది, ఊదారంగు సిరా వెలిసిపోయింది. ఊరికే తిరగేశాను. ప్రతి ఏడూ ఒకటే వరస: సార్వా ఊడ్పులకి జూన్‌లోనో జూలైలోనో అప్పు, మార్చిలోపు జమ. ప్రతి అప్పు పక్కన "వాటాధనం" అని చిన్న మినహాయింపు. 1997లో మాత్రం జమ లేదు. ఆ గడిలో "మధ్యకాలిక రుణంగా మార్చడమైనది" అని రాసి, కింద సంతకం ఉంది. 1996 నవంబరు తుపానుకి కోనసీమలో కొబ్బరి చెట్లు ఎలా పడిపోయాయో ఇంట్లో ఎన్నోసార్లు విన్నదే. పంట పోయినప్పుడు స్వల్పకాలిక అప్పుని మధ్యకాలికంగా మార్చి వాయిదాలు పొడిగిస్తారని పుస్తకంలో చదివి రెండుసార్లు మరిచిపోయాను. ఆ ఒక్క గడి చూశాక ఇక మరిచిపోలేదు.

మర్నాడే సొసైటీకి వెళ్ళి సెక్రటరీ గారిని అడిగాను. ధాన్యం సీజన్ కాదు కాబట్టి ఓపిగ్గా కూర్చోబెట్టి చెప్పారు. డబ్బు నాబార్డు (వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి జాతీయ బ్యాంకు) నుంచి ఆప్కాబ్‌కి, అక్కడి నుంచి కాకినాడలోని జిల్లా బ్యాంకుకి, అక్కడి నుంచి సొసైటీకి వస్తుంది. వాటాధనం ఎందుకంటే, అప్పు తీసుకునేవాడు ఆ సొసైటీకి సభ్యుడు, అంటే యజమానుల్లో ఒకడు. మూడంచెల వ్యవస్థ మీద నేను చూసిన ఏ వీడియో కంటే ఆ గంట నాకు ఎక్కువ ఉపయోగపడింది.

ఆ తర్వాత చరిత్ర మొత్తం "ఎందుకు" అని అడుగుతూ చదివాను. ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది. కాలువ నీళ్ళతో వరి విస్తరించింది. వరికి విత్తనం, ఊడ్పు కూలీ, కోత కూలీ అన్నీ ముందు పెట్టుబడే, డబ్బు చేతికొచ్చేది చివర్లో. ఆ మధ్య నెలల్లోనే షావుకారు అప్పు, చక్రవడ్డీ. దీనికి విరుగుడు ఏమిటని మద్రాసు ప్రభుత్వం ఫ్రెడరిక్ నికల్సన్ అనే అధికారిని పంపితే, ఆయన జర్మనీలో రైఫైజెన్ పెట్టిన పల్లె పరపతి సంఘాలను చూపించాడు. 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. 10 మంది కలిస్తే సంఘం పెట్టుకోవచ్చు. గ్రామ సంఘంలో సభ్యుల బాధ్యతకి పరిమితి లేదు, సంఘం మునిగితే అందరి ఆస్తీ పూచీయే. తాకట్టు పెట్టడానికి ఏమీ లేని పల్లెలో ఒకరికొకరు పూచీ ఉండటమే అసలు ఆస్తి. ఇది అర్థమైతే ఈనాటి జాయింట్ లయబిలిటీ గ్రూపు, డ్వాక్రా గ్రూపు రెండూ అర్థమైనట్టే. ఊళ్ళలో సంఘాలు పుట్టాయి కానీ వాటికి డబ్బు ఎవరివ్వాలి? అందుకే 1912 చట్టం కేంద్ర సహకార బ్యాంకులకి దారి తీసింది.

ఇక్కడ మన జిల్లాల కథ కొంచెం బాధగా ఉంటుంది. 1929 తర్వాతి మాంద్యంలో ధాన్యం ధర పడిపోయింది, అప్పులు అలాగే నిలబడ్డాయి. రాజాజీ మంత్రివర్గం 1938లో రైతుల రుణ ఉపశమన చట్టం తెచ్చింది అందుకే. 1951-52లో జరిగిన గ్రామీణ పరపతి సర్వే తేల్చింది ఏమిటంటే, రైతు అప్పులో సహకార సంఘాల వాటా 3% చిల్లర, వడ్డీ వ్యాపారులది దాదాపు 70%. సహకారం విఫలమైంది, కానీ అది నెగ్గి తీరాలి అన్నది ఆ సర్వే చేసిన గోర్వాలా కమిటీ మాట. నా దృష్టిలో ఈ సిలబస్‌లో ఇంతకంటే ముఖ్యమైన నివేదిక లేదు. 1955లో స్టేట్ బ్యాంకు పుట్టడానికి అదే కారణం.

1969లో 14 బ్యాంకుల జాతీయీకరణ జరిగినా చిన్న రైతు దాకా అప్పు రాలేదు. నరసింహం కమిటీ సిఫార్సు మీద 1975 అక్టోబరు 2న మొదటి 5 గ్రామీణ బ్యాంకులు తెరిచారు. మూలధనం వాటాలు కేంద్రానికి 50%, స్పాన్సర్ బ్యాంకుకి (వెనక నిలబడే వాణిజ్య బ్యాంకుకి) 35%, రాష్ట్రానికి 15%. ఈ వరస తారుమారు చేసి ఆప్షన్లు ఇస్తారు, జాగ్రత్త. 1982 జూలై 12న నాబార్డు. మన వైపు గోదావరి గ్రామీణ బ్యాంకు, చైతన్య గ్రామీణ బ్యాంకు 2006లో కలిసి చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకు అయ్యాయి. 2025 మే 1 నుంచి రాష్ట్రానికి ఒకటే గ్రామీణ బ్యాంకు, దేశం మొత్తం మీద 43 కాస్తా 28 అయ్యాయి. మనది ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు, స్పాన్సర్ యూనియన్ బ్యాంకు. పాత పీడీఎఫ్‌లలో ఇంకా 43 అనే ఉంటుంది, దిద్దుకోండి.

మెయిన్స్‌లో జనరల్ అవేర్‌నెస్ 40 ప్రశ్నలకి 40 మార్కులు. కరెంట్ అఫైర్స్ ఆరు నెలలవి చదివాను, రోజుకి గంట చాలు. టెన్షన్ పడాల్సిన విషయం కాదు.

రెండో ఇంటర్వ్యూలో సొసైటీ ప్రశ్న రాలేదు. "మీ నాన్నగారు ఏం చేస్తారు?" అన్నారు. కౌలు రైతు అన్నాను. "సొసైటీలో ఎంత అప్పుంది?" లేదన్నాను. తాతయ్య ఎకరం అమ్ముడుపోయాక మా పేరున భూమి కాగితం లేదు. దాళ్వాకి (రెండో పంటకి) నాన్న ధాన్యం కమీషన్ ఏజెంటు దగ్గరే తెస్తాడు, పంట ఆయనకే వేస్తాడు. కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల దాకా 7% వడ్డీ, గడువులో కడితే 4%కే పడుతుంది. ఆ 4% మా గడప తొక్కలేదు.

"నువ్వే మేనేజరువైతే మీ నాన్నకి అప్పు ఇస్తావా?" అన్నారు. ఇస్తానన్నాను. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద 11 నెలలకి సాగుదారు కార్డు వస్తుంది, దానికి భూయజమాని సంతకం కావాలి, చాలామంది పెట్టరు. కాబట్టి కార్డు ఉన్నవాళ్ళకి దాని మీద, లేనివాళ్ళకి నలుగురైదుగురిని జాయింట్ లయబిలిటీ గ్రూపుగా చేసి, చేను కళ్ళారా చూసి ఇస్తానని చెప్పాను. "యజమాని సంతకం పెట్టనంటే నువ్వెళ్ళి మాట్లాడతావా?" అన్నారు. మా ఊళ్ళో నాన్న కోసం ఒకసారి మాట్లాడానని, ఆయన పెట్టలేదని, మళ్ళీ వెళ్తానని చెప్పాను.

పోస్టింగ్ వచ్చాక ముందు ఆ యజమాని ఇంటికే వెళ్ళాలనుకుంటున్నాను.