పెట్రోలు ఆపడం తేలికే

ఆదివారం. ఎండ ముదరకముందే సింహాచలం కొండెక్కాం, దర్శనానికి కాదు. పాత మారుతీ ఎస్టీమ్ కారుకి స్పీడ్యుయినో ఈసీయూ (ఇంజన్‌ని నడిపే చిన్న కంప్యూటరు, సెట్టింగులు మనమే మార్చుకోవచ్చు) పెట్టాక, యాక్సిలరేటర్ వదిలినప్పుడు పెట్రోలు ఆపే సెట్టింగు ఒక్కటీ అలాగే ఉండిపోయింది. దానికి దిగుడు రోడ్డు కావాలి. పక్క సీట్లో బావమరిది, వాడి ఒళ్లో లాప్‌టాప్.

రెండో గేర్లో కాలు తీసేశాను. "బావా, పల్స్ విడ్త్ జీరో. మ్యాప్ ట్వంటీ ఫైవ్." అంటే ఇంజెక్టర్లు తెరిచి ఉండే సమయం సున్నా, ఇన్‌టేక్‌లో గాలి ఒత్తిడి బాగా తక్కువ. గాలి-పెట్రోలు పాళ్లు చూపించే వైడ్‌బ్యాండ్ మీటరు లీన్ వైపు, అంటే పెట్రోలు లేని వైపు, చివరికంటా పోయింది. చక్రాలే ఇంజన్ని తిప్పుతున్నాయి, ఇంజెక్టర్లు చుక్క వదలట్లేదు. మా నాన్న ఇప్పటికీ దిగుడులో న్యూట్రల్ చేస్తారు, పెట్రోలు మిగులుతుందని. కార్బురేటర్ బళ్లలో ఆ లెక్క కొంత నిజమే, థ్రాటిల్ మూసినా ఐడిల్ జెట్‌లోంచి పెట్రోలు లాగేసేది. ఇంజెక్షన్ బండిని న్యూట్రల్ చేస్తే ఐడ్లింగ్‌కి ఉత్తపుణ్యానికి పెట్రోలు పొయ్యాలి. చెప్పాను. వినరు.

ఆపడం తేలికే, తంటా అంతా తిరిగి ఇవ్వడంలోనే. 1300 ఆర్‌పీఎం దగ్గర మళ్లీ ఇచ్చేలా పెడితే గేర్లో ఉన్నంతసేపూ బాగానే ఉంది. ఏసీ వేసుకుని వస్తుంటే మలుపులో ఆవు అడ్డొచ్చింది. క్లచ్ తొక్కగానే ఆర్‌పీఎం ముల్లు దబ్బున పడి ఇంజన్ ఆగిపోయింది. పెట్రోలు ఆగినంతసేపూ ఇన్‌టేక్ పోర్టు గోడల మీది తడి ఆరిపోతుంది. మళ్లీ కొట్టిన మొదటి పెట్రోల్లో కొంత ఆ గోడలకే అంటుకుంటుంది, సిలిండర్‌కి చేరేది తక్కువ. ఈలోగా ఏసీ కంప్రెసర్ ఇంజన్ని కిందకి లాగేస్తుంది. 1700కి పెంచాను, ఇక ఆగలేదు. పెట్రోలు కట్ అయ్యేది 1900 పైన, రెండిటికీ ఆ మాత్రం ఎడం లేకపోతే ఆపుతూ ఇస్తూ ఊపేస్తుంది.

ఇంకా పెంచుదామంటే, ఆర్‌పీఎం అంత పైకి పోని ద్వారకానగర్ ట్రాఫిక్‌లో ఇక కట్ అవ్వనే అవ్వదు. కాలు తీసిన వెంటనే కట్ చేస్తే గేరు మార్చిన ప్రతిసారీ కుదుపు, అందుకని అర సెకను ఆలస్యం పెట్టాను. అదీ కూలెంట్ 70 డిగ్రీలు దాటాకే. పెట్రోలు కట్ అయిన కాసేపు, ఎగ్జాస్ట్‌లోని ఆక్సిజన్ సెన్సర్ మాట విని పెట్రోలు పెంచెయ్యకుండా కరెక్షన్ కూడా ఆపేశాను.

బావమరిదికి సైలెన్సర్‌లో పటపటలు కావాలట. కాలని పెట్రోలు ఎగ్జాస్ట్‌లోకి పోతే పొగని శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్ పాడవుతుంది, కొత్తది మీ నాన్న కొంటాడేంట్రా అన్నాను. కట్ అయ్యే క్షణంలో చిన్న కుదుపు మాత్రం ఇంకా ఉంది. స్పార్క్‌ని కాస్త వెనక్కి జరిపి చూడాలి.