మా ఆయన ఫోన్, మాన్యుమెంట్ వ్యాలీ, పోయిన ఒక గంట

డాలస్ తిరిగొచ్చి మూడు రోజులైంది. సూట్‌కేసులో ఎర్ర ఇసుక ఇంకా దులపలేదు. మా ఆయన మీద కోపమూ చల్లారలేదు. అది చల్లారకముందే రాసేస్తున్నాను.

మే నెల లాంగ్ వీకెండ్‌కి రెండు రోజుల సెలవు కలిపి లాస్ వేగస్‌కి ఫ్లైటెక్కాం. అక్కడ కారు అద్దెకి తీసుకుని జాయన్ నేషనల్ పార్కు, పేజ్ అనే చిన్న ఊరు, ఎర్ర కొండల మాన్యుమెంట్ వ్యాలీ, గ్రాండ్ క్యాన్యన్ చూసి మళ్లీ వేగస్ చేరాలి. బుకింగులన్నీ నావే. రెండు నెలల ముందే ఎక్సెల్ షీటు వేసి, ఏ పూట ఎక్కడ పెట్రోలు కొట్టించాలో కూడా రాసుకున్నాను. గొప్పలు పోతోందనుకుంటే అనుకోండి. ఆ షీటులో లేని కాలమ్ ఒక్కటే: టూర్ టైము ఎవరి గడియారం ప్రకారం అన్నది.

కారు పది నిమిషాల్లో చేతికొచ్చింది. జాయన్‌లో షటిల్ బస్సెక్కి తిరిగాం, బాగుంది.

అసలు కథ పేజ్‌లో మొదలైంది. జాయన్ యూటాలో ఉంది, వేగస్ కంటే గంట ముందు. పేజ్ అరిజోనాలో ఉంది. మిగతా దేశం దాదాపు అంతా వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరిపితే, అరిజోనా 1968 నుంచి ఆ పని మానేసింది. అసలే మాడిపోతుంటే సాయంత్రం ఇంకో గంట ఎండ ఎందుకని వాళ్ల లెక్క. రెంటచింతల వాళ్లకి ఈ లాజిక్ ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. అయితే పేజ్‌కి ఒక పక్క యూటా, ఇంకో పక్క నవాహో నేషన్, అంటే నవాహో అనే అమెరికన్ ఇండియన్ తెగ సొంతంగా పాలించుకునే ప్రాంతం. నవాహోల భూమి అరిజోనా, యూటా, న్యూ మెక్సికో మూడింట్లోనూ ఉంది కాబట్టి, అంతటా ఒకే టైము ఉండాలని వాళ్లు వేసవిలో గడియారం జరుపుతారు. అంటే అరిజోనాలోనే ఉన్నా సరే, వాళ్ల సరిహద్దు దాటితే గంట ముందుకి. మధ్యలో ఫోన్‌కి ఏ టవర్ అందితే ఆ టైము.

పేజ్ పక్కనే నవాహోల భూమిలో ఉన్న ఇరుకు లోయ యాంటిలోప్ క్యాన్యన్. అందులోకి గైడ్ లేకుండా పంపరు. మా టూర్ తొమ్మిదిన్నరకి. మా ఆయన ఫోన్ యూటా టవర్‌ని పట్టుకుంది కాబోలు, ఆదరాబాదరా వెళ్తే అసలు టైము ఎనిమిదీ పది. కౌంటర్‌లో అమ్మాయి నవ్వి, ‘ఇది నవాహోల భూమే కానీ టూర్లు పేజ్ టైము ప్రకారమే నడుస్తాయి’ అంది. గంటకి పైగా ఎండలో కూర్చున్నాం.

లోపల మాత్రం ఆ కష్టం మర్చిపోయాను. వరద నీళ్లు కోసి కోసి నునుపు చేసిన ఇసుకరాయి గోడలు, పైనుంచి సన్నగా దిగే వెలుతురు. 1997 ఆగస్టులో ఎక్కడో దూరాన కురిసిన వాన నీళ్లు ఒక్కసారిగా లోయలోకొచ్చి 11 మంది చనిపోయారట. ఇప్పుడున్న ఇనుప మెట్లన్నీ ఆ తర్వాత వేసినవే. గైడ్ కుర్రాడు ‘మీరు ఇండియన్సా? మేమూ అంతే’ అని జోకేశాడు. రోజుకి పదిసార్లు వేస్తాడనుకుంటా, అయినా నవ్వాం.

బయటికి రాగానే మా ఆయన ఒక ఇంజినీర్ నిర్ణయం తీసుకున్నారు. ఫోన్‌లో ఆటోమేటిక్ టైము తీసేసి అరిజోనా రాజధాని ఫీనిక్స్ టైముకి బిగించేశారు. ‘చూశావుగా, నవాహోల దగ్గర కూడా ఇదే టైము. ట్రిప్ అయ్యేదాకా దీన్నే నమ్ముదాం’ అన్నారు.

ఆ సాయంత్రం ఆరింటికి మాన్యుమెంట్ వ్యాలీలో సూర్యాస్తమయం జీపు టూరు. కయెంటా ఊళ్లో నా ఫోన్ ఉన్నట్టుండి గంట ముందుకి దూకింది. చెప్పాను. ‘దానికి మళ్లీ పిచ్చెక్కింది’ అన్నారు. గేటు దగ్గర తలా 8 డాలర్లు కట్టాం. మన నేషనల్ పార్కుల పాస్ అక్కడ చెల్లదు, అది నవాహోల సొంత పార్కు. ఆయన లెక్కన అరగంట ముందే వచ్చాం కాబట్టి పార్కింగ్‌లో ఫ్లాస్కు తీసి తీరిగ్గా టీ తాగాం, చేగోడీలు కూడా తిన్నాం.

కౌంటర్‌లో పెద్దావిడ మా కాగితం చూసింది. గోడ గడియారం చూసింది. ఆరూ నలభై. ఏమీ అనలేదు. మా ఆయన ఫోన్ ముందుకి పెట్టారు.

‘ఈ టైము ఎక్కడిది?’

‘అరిజోనాది.’

‘మీరిప్పుడు నవాహో నేషన్‌లో ఉన్నారు.’

పొద్దున సంగతి చెప్పి వాదించబోయారు. అది పేజ్ పక్కన కాబట్టి ఆ ఊరి టైము, ఇక్కడ మా టైము అంది. మా వెనకే ఒక తెలుగు కుటుంబం. అందులో పెద్దాయన, ఎవరూ అడక్కుండానే, ‘మేము నిన్ననే ఫోన్ చేసి కనుక్కున్నామండీ’ అన్నారు. కొంతమంది ఎంత దూరం వెళ్లినా వదలరు. జీపు వెళ్లిపోయింది, రెండొందల డాలర్లకి పైగా పోయాయి, రిఫండ్ లేదు. ఈమెయిల్‌లో టైము సంగతి రాయలేదని నేను గొడవేసుకున్నాను. రాత్రి మోటెల్లో చూస్తే అడుగున సన్న అక్షరాల్లో ఉంది. ఉంటే ఉంది, అంత ముఖ్యమైన మాట పైన పెద్దగా రాస్తే వీళ్ల సొమ్మేం పోతుంది?

మా కార్లోనే వ్యాలీలోని పదిహేడు మైళ్ల మట్టి రోడ్డు తిరుగుదామంటే, అద్దె కాగితంలో మట్టి రోడ్లు ఎక్కకూడదని ఉంది. పిట్టగోడ మీద కూర్చున్నాం. చేతి తొడుగుల్లాంటి ఆ రెండు కొండలు నారింజ నుంచి ఎరుపుకి, ఎరుపు నుంచి ఊదాకి మారాయి. ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. నిజం చెప్పాలంటే, ట్రిప్ మొత్తంలో అంత బాగా చూసింది ఇంకేదీ లేదు.

సరిగ్గా అప్పుడే అత్తయ్య వాట్సాప్ కాల్ చేసి, ‘అక్కడ ఇప్పుడు టైమెంతమ్మా?’ అన్నారు. ‘మీ అబ్బాయినే అడగండత్తయ్యా’ అని ఫోన్ ఆయనకిచ్చాను.

మర్నాడు గ్రాండ్ క్యాన్యన్. దారిలో ట్యూబా సిటీ నవాహోలది, రోడ్డుకి అవతల హోపీలనే ఇంకో తెగ వాళ్ల ఊరు. హోపీలు గడియారం జరపరు కాబట్టి అక్కడ మళ్లీ వేరే టైము. కార్లో ఎవరూ ఆ ఊసెత్తలేదు. క్యాన్యన్ గురించి నేను కొత్తగా చెప్పేదేముంది, మైలు లోతు, 277 మైళ్ల పొడవు. విష్ణు టెంపుల్, శివ టెంపుల్, బ్రహ్మ టెంపుల్ అని శిఖరాలకి పేర్లున్నాయి, దండం పెట్టుకున్నాను. మా ఆయన అక్కడ కూడా గండికోట గొప్పని వాదించారు. ఏడు వేల అడుగుల ఎత్తు, మేలో కూడా రాత్రి వణికించింది. స్వెట్టర్ తీసుకెళ్లండి.

బుక్ చేసేటప్పుడే ఫోన్ చేసి ‘ఏ టైము’ అని అడగండి. ఈమెయిల్‌ని నమ్మకండి, భర్తని అసలే నమ్మకండి. నవంబర్ మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా వెళ్తే అరిజోనా, యూటా, నవాహో అంతటా ఒకటే టైము.

సోమవారం రాత్రి ఇల్లు చేరాం. మంగళవారం మా ఆయనకి ఎనిమిదింటికి ఆఫీసు మీటింగు, ఏడింటికి అలారం పెట్టుకున్నారు. ఫోన్ ఇంకా ఫీనిక్స్‌లోనే ఉంది, డాలస్ కంటే రెండు గంటలు వెనక. నా ఫోన్ సరిగ్గా ఏడింటికే మోగింది. లేచి కాఫీ కలుపుకుని బాల్కనీలో కూర్చున్నాను. ఆయన్ని లేపలేదు.