ఆకు కోయడం నేర్చుకున్నాకే అల్లిక

న్యూజిలాండ్ రాజధాని వెల్లింగ్టన్‌లోని తే పాపా మ్యూజియంలో ఆ దేశపు మూలవాసులైన మావోరీల పై వస్త్రాలను చూసిన రోజు నుంచి, అటువంటిది ఒకటి నా చేతులతో చేయాలన్న కోరిక నన్ను వదలలేదు. ఆ కోరికతోనే, మా ఇంటికి దగ్గరలో ఉన్న మరాయె, అంటే మావోరీల సామూహిక ప్రాంగణంలో, శనివారాలు కూర్చునే అల్లిక బృందంలో చేరాను.

మొదటి శనివారం వాన పడింది. అల్లికకు నారనిచ్చే హరకెకె అనే మొక్క ఆకును వానలో కోయకూడదన్నది నియమం కనుక ఆ రోజు కత్తి పట్టనే లేదు. రెండో వారం పొదల్లోని ఎండుటాకులను ఏరివేయడంతో గడిచింది. మూడో వారం, కరకియా అనే ప్రార్థన ముగిశాక, మా గురువు ఒక మొక్క ముందు నన్ను కూర్చోబెట్టి, నడిమి మొలక బిడ్డ అనీ, దానికి అటూ ఇటూ ఉన్న ఆకులు తల్లిదండ్రులనీ, ఆ మూడింటినీ ఎన్నడూ ముట్టకూడదనీ, వెలుపలి వరుసలో ఉన్న తాతముత్తాతలనే వాలుగా కోయాలనీ చూపించారు. నేను తొందరలో మరీ లోపలి ఆకుపై కత్తి పెట్టినప్పుడు ఆమె నా చేయి పట్టుకుని ఆపారు. కోసిన ఆకుల్లో పనికిరాని ముక్కలను కూడా కట్టగట్టి ఆ మొక్క మొదట్లోనే వేశాము.

ఈ విద్య ఒకప్పుడు కుటుంబాల లోపల, తెగల లోపల మాత్రమే నిలిచి ఉండేది. నేర్చుకునేవారు తగ్గిపోయిన కాలంలో పేరున్న మావోరీ అల్లికదారు రంగిమారియె హెటెట్, 1951లో ఏర్పడిన మావోరీ మహిళా సంక్షేమ సంఘం ద్వారా, తన తెగకు వెలుపలి స్త్రీలకు కూడా నేర్పడానికి సిద్ధపడ్డారు. ఆమె కుమార్తె డిగ్గెరెస్ తె కనావా కూడా ఆ పనినే కొనసాగించారు. 1983లో టోకొమారు బేలో అల్లికదారుల జాతీయ సమావేశం జరిగింది. బయటివారికీ నేర్పాలన్న హెటెట్ నిర్ణయమే లేకపోతే, తెలుగునాట పుట్టిన నాకు ఆ చాపపై చోటు దొరికేది కాదని నేను నిజంగా నమ్ముతున్నాను.

ఆకు నుంచి ముకా అనే నారను తీయడమే నాకు అన్నిటికంటే కష్టమైంది. ఆకు మెరుపు లేని వైపున అడ్డంగా సన్నని గాటు పెట్టి, ఆల్చిప్ప అంచుతో లాగితే, పచ్చని పొర ఊడిపోయి పట్టులాంటి తెల్లని పోగులు బయటపడాలి. నా చేతిలో మాత్రం మొదటి నెలంతా అవి తెగిపోతూనే ఉన్నాయి. ఆ పోగులను రెండు పాయలుగా, ఆచ్ఛాదన లేని పిక్క మీద పురి పెట్టేటప్పుడు, మా తాతయ్య గోగునారను తొడ మీద పేని పలుపుతాళ్లు చేసిన దృశ్యం కళ్ల ముందు మెదిలింది. ఆ తర్వాతి పనికి మగ్గం ఉండదు. నిలువు పోగుల చుట్టూ అడ్డపోగులను వేళ్లతోనే మెలివేస్తూ వరుస వెంట వరుస సాగిపోవాలి.

నలుపు రంగు వేసిన రోజు మరింత దగ్గరితనం కలిగింది. మానుకా అనే చెట్టు బెరడు కషాయంలో ముంచిన నారను ఇనుము నిండిన బురదలో ఉంచితే నల్లబడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన గుడ్డపై బెల్లం, తుప్పు ఇనుము కలిపి నానబెట్టిన ద్రవం నలుపు తేల్చేది కూడా ఈ విధంగానే. అయితే ఆ ఇనుమే కాలక్రమంలో నారను తినేస్తుంది. పాత వస్త్రాలలో నల్లని పోగులే ముందుగా పొడిపొడిగా రాలిపోతాయి. కాబట్టి దాచిన వస్త్రాలు ఎన్ని ఉన్నా, పురి పెట్టగల చేతులు ప్రతి తరంలోనూ ఉండి తీరాలి.

పై వస్త్రం ఇంకా నాకు చాలా దూరంలోనే ఉంది. తొలిగా అల్లినది కోనో అనే చిన్న ఆహారపు బుట్ట. మొదటి అల్లికను తన దగ్గర ఉంచుకోకూడదు కనుక, దానిని బృందంలో అందరికంటే పెద్దావిడకు ఇచ్చాను. ఆమె దానిని తిరగేసి, వదులుగా ఉన్న ఒక మూలను బొటనవేలితో బిగించి, ఏమీ అనకుండా సంచిలో పెట్టుకున్నారు. మరుసటి శనివారం భోజనాల వేళ, ఉడికించిన చిలగడదుంపలతో అదే బుట్ట బల్ల మీద కనిపించింది.