అమ్మ వేలిముద్ర పడలేదు

మొన్న మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో మామయ్య కొడుకు, మా బావ, ఒక జోకు పెట్టాడు. ఫెమినిస్టులకి హక్కులన్నీ కావాలట, గ్యాస్ సిలిండర్ మోయాల్సి వస్తే మాత్రం మగాడు కావాలట. చాలామంది నవ్వే బొమ్మలు పెట్టారు, ఆడవాళ్లు కూడా. నేనేం అనలేదు. కానీ ఆ సిలిండర్ రెండు రోజులు నా బుర్రలోంచి పోలేదు, ఎందుకంటే బావ ఇప్పుడు మిర్చి వేసిన చేలో సగం మా అమ్మది. అదే, 2022 వరకు.

మా తాతకి గుంటూరు జిల్లాలో ఆరెకరాలు. ఆయన సంపాదించింది కాదు, పైనుంచి వచ్చిన ఉమ్మడి ఆస్తి, ఎప్పుడూ పంపకాలు జరగలేదు. పిల్లలు ఇద్దరే, అమ్మ పెద్దది, తర్వాత మామయ్య. అమ్మమ్మ ముందే పోయింది. తాత 2017లో పోయాడు, వీలునామా రాయలేదు.

ఇక్కడ కాస్త లెక్క చెప్పాలి, విసుక్కోకండి. 1956లో వచ్చిన హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఉమ్మడి ఆస్తిలో కొడుక్కి పుట్టుకతోనే వాటా, కూతురికి మాత్రం తండ్రి పోయాక ఆయన భాగంలో ఓ ముక్క. అంటే మా ఆరెకరాల్లో తాతకి మూడు, మామయ్యకి మూడు అని ముందు కాగితం మీద విడదీస్తారు, తర్వాత తాత మూడింటిని అక్కాతమ్ముళ్లకి చెరిసగం చేస్తారు. అమ్మకి ఎకరన్నర, మామయ్యకి నాలుగున్నర. ఇంటి సంగతి ఇంకా ఘోరం. పుట్టింట్లో ఉండే హక్కు పెళ్లి కాని కూతురికో, మొగుడు పోయినదానికో, మొగుడు వదిలేసినదానికో గానీ, కాపురం చేసుకుంటున్నదానికి లేదు. ఆడపిల్ల అంటే "ఆడ" పిల్ల, ఈడ పిల్ల కాదు అని మా నాయనమ్మ అనేది. నేనది సామెతనే అనుకునేదాన్ని, ఏకంగా చట్టంలోనే ఉందని తర్వాత తెలిసింది.

అది కూడా ఊరికే రాలేదు. ఆడవాళ్లకి ఆస్తి హక్కు కూడా ఇవ్వాలన్న హిందూ కోడ్ బిల్లుని ముందుకు కదలనివ్వకపోవడమే ముఖ్య కారణంగా అంబేద్కర్ 1951లో మంత్రి పదవి వదులుకున్నాడు. ఆడపిల్లకి వాటా ఇస్తే భూములు ముక్కలైపోతాయి, కుటుంబాలు విరిగిపోతాయి అని అప్పట్లో పెద్దపెద్దవాళ్లే వాదించారు. అన్నదమ్ములు పంచుకుంటే ముక్కలవని భూమి ఆడపిల్ల దగ్గరికి వచ్చేసరికే ఎందుకు ముక్కలవుతుందో మరి.

తర్వాత మన దగ్గరే ఓ పెద్ద పని జరిగింది, దాన్ని ఎవరూ పెద్దగా తలుచుకోరు. ఎన్టీఆర్ ప్రభుత్వం ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇస్తూ చట్టం తెచ్చింది, 1985 సెప్టెంబర్ 5 నుంచి అమలు. తమిళనాడు 1989లో, మహారాష్ట్ర, కర్ణాటక 1994లో ఇదే దారి పట్టాయి. కట్నం అనే దురాచారం పోవాలంటే ఇలాంటిది కావాలని ఆ చట్టం మొదట్లోనే రాసుకున్నారు. ఆస్తిలో వాటా ఉంటే కట్నం అడగరులే అని వాళ్ల ఆశ. (ఆ తర్వాత కట్నాలు ఎంత తగ్గాయో మన పెళ్లిళ్ల పేరయ్యల్ని అడగండి.)

కానీ అందులో ఒక మెలిక. అప్పటికే పెళ్లయిపోయిన కూతుళ్లకి వర్తించదు. మా అమ్మ పెళ్లి 1979లో. ఆరేళ్ల తేడాతో పోయింది. అప్పుడే ఎవరో ప్లీడరు గుమాస్తా మా ఇంటి అరుగు మీద కూర్చుని "నీకు రాదమ్మా, మీ నాన్న తదనంతరం ఎకరన్నర వస్తుంది, అంతే" అని లెక్కకట్టి చెప్పాడట.

2005లో కేంద్రం చట్టం మార్చింది. సెప్టెంబర్ 9 నుంచి దేశమంతటా కూతురూ కొడుకూ ఒకటే, పెళ్లి ఎప్పుడైందన్న ప్రశ్న లేదు, ఇంటి విషయంలో ఆ పాత నిబంధనా పోయింది. ఆ తేదీకి తండ్రి బతికుండాలని 2015లో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇస్తే, అక్కర్లేదు, హక్కు పుట్టుకతో వచ్చేదే అని 2020 ఆగస్టులో ముగ్గురు జడ్జిలు తేల్చేశారు. మాకు ఆ గొడవా లేదు, తాత 2017 దాకా ఉన్నాడు. తాతకి రెండు, అమ్మకి రెండు, మామయ్యకి రెండు, మళ్లీ తాత రెండింటిలో చెరొకటి. మూడు, మూడు.

ఇది నాకు తెలుసు. తెలిసే 2022లో హైదరాబాద్ నుంచి అమ్మని కార్లో రిజిస్ట్రార్ ఆఫీసుకి తీసుకెళ్లాను.

"హక్కు విడుదల పత్రం అక్కా, పాస్‌బుక్ నా పేరు మీదకి మారాలంటే కావాలంట" అన్నాడు మామయ్య ఫోన్లో. అంటే అమ్మ తన వాటా వదులుకున్నట్టు రాసిచ్చే కాగితం. అమ్మ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు, ఏ రోజు మంచిదో చూడమంది. ఆఫీసు బయట చెట్టు కింద డాక్యుమెంట్ రైటర్ పత్రం చదివాడు, పెళ్లి మంత్రాలంత స్పీడుగా. "నా ఇష్టపూర్వకంగా, ఎవరి బలవంతమూ లేకుండా" అన్నచోట మాత్రం కాస్త నిదానించాడు, ఎందుకో. లోపల ఫోటో తీశారు, వేలు పెట్టమన్నారు. పడలేదు. నలభై ఏళ్లు అంట్లు తోమిన వేళ్లు, గీతలు అరిగిపోయాయి. ఆపరేటర్ కుర్రాడు "తుడుచుకోండమ్మా" అన్నాడు. పైట చెంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టింది. పడలేదు. "నీ వేలు కూడా ఒప్పుకోవట్లేదే అక్కా" అని మామయ్య నవ్వాడు, ఆయనకే ఎక్కువ చెమటలు పడుతున్నాయి. ఇంకో వేలు పెట్టిస్తే నాలుగోసారికి పడింది. మధ్యాహ్నం అత్తయ్య పప్పు, గోంగూర, రెండు రకాల వడియాలతో భోజనం పెట్టి, అమ్మకి పట్టుచీర, నాకు జాకెట్ ముక్క, బొట్టుపెట్టి ఇచ్చింది.

మామయ్య దుర్మార్గుడని చెప్పట్లేదు. తాత మంచాన పడ్డ రెండేళ్లూ మామయ్య, అత్తయ్యే చేశారు. మిర్చి రేటు పడిపోయిన ఏడు అప్పులూ ఆయనవే. "పెళ్లికి కట్నం ఇచ్చాం కదా" అన్న మాట కూడా ఆయన నోట వినలేదు, అది చుట్టాలు అన్నారు. ఆ కట్నం పదిహేను వేలు మా నాయనమ్మ ఇంట్లో పాత అప్పు కింద పోయాయి, అమ్మ చేతికి ఒక్క రూపాయి రాలేదు. తీసుకున్న కట్నం గడువులోపు పెళ్లికూతురి చేతికే ఇచ్చేయాలని 1961 నాటి వరకట్న నిషేధ చట్టంలోనే ఉంది. ఎక్కడైనా జరగ్గా చూశారా?

అమ్మ అమాయకురాలు కూడా కాదు. ఆ సంతకంతో ఆమె కొనుక్కున్నది ఒక గడప. పండక్కి పిలుపు, సారె, రేపు నాన్నకేమన్నా అయితే "అక్కా వచ్చెయ్" అనే ఓ మనిషి. వాటా అడిగిన మా పెద్దమ్మ వరసావిడని పుట్టింటివాళ్లు మనవరాలి పెళ్లికి పిలవలేదు, అది అమ్మ చూసింది. చట్టం మారడానికి 1956 నుంచి 2005 దాకా పట్టింది. వాటా అడిగిన ఆడబిడ్డని భోజనానికి పిలవాలని మాత్రం ఏ చట్టమూ రాయలేదు.

నా మీదే నాకు కోపం. ఆఫీసులో నలుగురికీ హక్కుల గురించి చెప్పేదాన్ని, వెళ్లేటప్పుడు నాలుగు గంటలు పక్కన కూర్చుని కూడా మూడు అనే అంకె అమ్మకి చెప్పలేదు. గొడవవుతుందని, మామయ్య ఏమనుకుంటాడోనని, బావతో మాటలు పోతాయని. నేను కూడా గడపే చూసుకున్నా.

వచ్చేటప్పుడు చిల్లకల్లు టోల్‌గేట్ దాటాక అమ్మ చీర కవరు ఒళ్లో పెట్టుకుని అడిగింది.

"ఆ కాగితంలో ఎంతని రాశారే? ఎకరన్నరే కదా?"

"మూడమ్మా."

"మూడా?"

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఏసీ తగ్గించమంది.