డ్రాయింగ్ టీచర్ల కోర్సు ఎలా ఉందో ఎగ్జిబిషన్ చూసి చెప్పలేం

డ్రాయింగ్ టీచర్లను తయారుచేసే విశ్వవిద్యాలయంలో ఏడాది చివర గోడల నిండా కాన్వాసులు వేలాడుతుంటే కోర్సు బ్రహ్మాండంగా నడుస్తోందనిపిస్తుంది. ఛాత్రోపాధ్యాయుడికి, అంటే టీచర్ శిక్షణలో ఉన్న విద్యార్థికి, బొమ్మ వేయడం వచ్చని మాత్రమే అవి చెబుతాయి. ఆరో తరగతిలో 45 మంది చేత వేయించడం వచ్చో రాదో ఆ గోడ మీద కనిపించదు. మన దగ్గర డ్రాయింగ్ లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలు పాసై, వేసవిలో 42 రోజుల టీటీసీ అనే టీచర్ శిక్షణ చేసి టీచర్లయ్యే దారి ఎప్పటినుంచో ఉంది. విశ్వవిద్యాలయం ఏళ్ల తరబడి చదివించి అంతకంటే ఎక్కువ ఏమిచ్చిందో తేలాలంటే పిల్లల షీట్లు చూడాలి.

ఒక్కో ఛాత్రోపాధ్యాయుడి నుంచి ఇంటర్న్‌షిప్‌లో మూడు పాఠాలు తీసుకోండి: మొదట్లో ఒకటి, మధ్యలో ఒకటి, చివర ఒకటి. ప్రతిదానికీ పాఠ్యపథకం, పది నిమిషాల వీడియో, తరగతిలో వచ్చిన షీట్లన్నీ కావాలి. అన్నీ అంటే అన్నీ. ‘బాగున్నవి ఐదు’ తెస్తే పనికిరాదు. వాటిని నేలమీద వరసగా పరవండి. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, పక్కన గుడిసె, కొబ్బరిచెట్టు 40 షీట్లలోనూ ఒకే చోట ఉంటే పిల్లలు నల్లబల్ల చూసి దింపారన్నమాట. బల్ల మీది బొమ్మకు భిన్నంగా ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. మూడో పాఠానికీ ఆ లెక్క పెరగకపోతే బోధన కదల్లేదు.

పిల్లల వయసూ చూడాలి. ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలు కాగితం అడుగున నేల గీత గీసి, మనుషుల్నీ చెట్లనీ దానిమీద నిలబెట్టడం మామూలేనని పిల్లల బొమ్మలను అధ్యయనం చేసిన లోవెన్‌ఫెల్డ్ ఏనాడో చెప్పాడు. మూడో తరగతిలో ఆ గీత చెరిపించి పర్‌స్పెక్టివ్ (దగ్గరివి పెద్దగా, దూరానివి చిన్నగా చూపే పద్ధతి) నేర్పబోయే ఛాత్రోపాధ్యాయుడికి డ్రాయింగ్ క్లాసులు పెంచి లాభం లేదు. లోపం సైకాలజీ పేపర్‌ది.

పాఠాలకు మార్కులేసే రూబ్రిక్‌లో (కొలమానాల పట్టికలో) నాలుగు స్థాయిలే పెట్టండి. ఐదుంటే అందరూ మూడు దగ్గర సర్దుకుంటారు. ‘సృజనాత్మకతను ప్రోత్సహించాడు’ అనే వాక్యానికి ఎవరి మార్కు వాళ్లదే. ‘పిల్లలకు విషయంలోనో సామగ్రిలోనో కనీసం రెండు ఎంపికలిచ్చాడు’ అంటే కంటికి కనబడుతుంది. ఇద్దరు విడివిడిగా పది పాఠాలకు మార్కులేయాలి. ఏడింటిలోనైనా స్థాయి కలవకపోతే వాక్యాలు తిరగరాయాలి. ఈ మార్కులు విద్యార్థి మెమోలోకి వెళ్లకూడదు. వెళ్తే అందరికీ 50కి 45 పైనే పడతాయి, ఇక కోర్సు గురించి ఏమీ తెలియదు. విద్యాసంస్థలకు గ్రేడ్లిచ్చే న్యాక్ కోసం నింపే సీవో-పీవో (కోర్సు, ప్రోగ్రామ్ ఫలితాల) పట్టికలదీ ఇదే తంతు. పెయింటింగ్, బోధన కలిపి సరాసరి తీస్తే, బోధనలో ఉన్న బలహీనత పెయింటింగ్ మార్కుల్లో మునిగిపోతుంది.

షీట్లలో ఎక్కువగా బయటపడేది కళ కాదు, సమయం. 40 నిమిషాల పీరియడ్‌లో వాటర్ కలర్ అంటే పంచడానికి ఐదు, కడగడానికి పది పోను పనికి మిగిలేది 25. పాఠ్యపథకంలో మాత్రం 40 నిమిషాలూ పనే! అందుకే సగం షీట్లు తడిగా, అసంపూర్తిగా ఉంటాయి. దీన్ని స్టూడియోలోనే, తోటివాళ్లను పిల్లలుగా కూర్చోబెట్టి, గడియారం పెట్టి సాధన చేయించాలి. ఒక్కో పిల్లాడికి ఐదు రూపాయలు దాటకూడదని షరతు పెడితే బొగ్గు, ముగ్గుపిండి, పాత పేపర్లు వాటంతటవే పాఠంలోకి వస్తాయి.

బడిలో మార్గదర్శకుడు చాలాసార్లు సోషల్ మాస్టారో తెలుగు మాస్టారో అవుతారు. ఆయన రాసేది ‘క్లాస్ కంట్రోల్ బాగుంది’ అని. తప్పు ఆయనది కాదు, అడగాల్సింది మనం అడగలేదు. అరపేజీలో నాలుగు ప్రశ్నలివ్వండి: పిల్లలు ఎంతసేపు పనిచేశారు, టీచర్ ఎవరి షీటు మీదైనా తాను గీశాడా, ఎవరు ఖాళీగా కూర్చున్నారు, చివర్లో బొమ్మల గురించి పిల్లలు మాట్లాడారా.

టైంటేబుల్‌లో ఉన్న పీరియడ్లెన్ని, జరిగినవెన్ని అన్న చిట్టా కూడా ఉండాలి. పరీక్షల ముందు డ్రాయింగ్ పీరియడ్ లెక్కల మాస్టారికి పోతుంది. 16కి తొమ్మిదే జరిగితే ఆ లోటు ఛాత్రోపాధ్యాయుడి ఖాతాలో వేయకూడదు. మరుసటి ఏడాది హెడ్మాస్టారితో ముందే రాతపూర్వకంగా మాట తీసుకోవాలి.

ఉద్యోగాల్లో చేరినవాళ్లకు ఏడాదికోసారి ఫోన్ చేయండి. ‘కోర్సు ఉపయోగపడిందా’ అంటే మొహమాటానికి అవుననే అంటారు. పోయిన వారం పాఠంలో పిల్లలు వేసిన షీట్లన్నీ ఫొటో తీసి పంపమనండి. ఇవన్నీ సిలబస్ ఖరారు చేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్ సమావేశానికి నెల ముందే బల్ల మీదికి రావాలి. ఆ తర్వాత వస్తే సిలబస్ మార్పు ఇంకో ఏడాది వెనక్కి పోతుంది.