పైఅంతస్తుల్లో ఎవరూ లేరు

ఇవాళ పని తెమిలి ఆఫీసు నుంచి బయటపడేసరికి రాత్రి ఎనిమిది కావస్తోంది. మామూలుగా గేటు దాటగానే బస్సెక్కేస్తాను, కానీ ఆ రోడ్డు తవ్వి పెట్టారు, బస్సులన్నీ చుట్టూ తిరిగి పోతున్నాయి, అందుకని మా సెక్షన్ పెద్దాయనా నేనూ కలిసి వెనక వీధుల్లోంచి నడిచాం. మధ్యాహ్నం పూట భుజం తగలకుండా నడవలేని వీధులవి. ఎనిమిదికి ఒక్క మనిషి లేడు. షట్టర్లన్నీ దించి తాళాలు వేసి ఉన్నాయి. వెలుతురుకి లోటు లేదు, దీపాలు కొత్తగా వేశారు, నేల మీద చీమ కూడా కనిపిస్తుంది. అయినా పక్కన ఆయన లేకపోతే నేను ఆ దారిన వెళ్ళేదాన్ని కాదు.

ఒక పాత మేడ ముందు ఆయన ఆగారు. తల పైకెత్తి, "అదిగో, ఆ చివరి కిటికీ ఉన్న గదిలో పుట్టానమ్మా నేను" అన్నారు.

ఇన్నాళ్ళుగా పక్కపక్కన కూర్చుని పనిచేస్తున్నాం, ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. కింద షాపు, దాని మీద రెండు అంతస్తులు, అంతస్తుకి రెండు కాపురాలు. షాపు ఓనరు కుటుంబం కూడా పైనే ఉండేదట. షాపు మూసేశాక ఆ ఓనరు బయట కుర్చీ వేసుకుని కూర్చుంటే ఇంకో నలుగురు చేరేవాళ్ళు. "మా అమ్మ కిటికీలోంచి కేకేస్తే నాకు వినపడకపోయినా వీధి చివరివాళ్ళు విని, పోరా పిలుస్తోంది అని తరిమేవాళ్ళు" అన్నారు. రెండో షిఫ్టు చేసి అర్ధరాత్రి ఇంటికొచ్చే ప్రింటింగ్ ప్రెస్సు కార్మికుడు ఒకాయన, పొద్దుపోయేదాకా మిషను కుట్టే ఒకావిడ, పరీక్షలకి చదువుకునే పిల్లలు. ఏ వేళప్పుడు చూసినా ఆ వీధిలో ఎవరో ఒకరు మెలకువగా ఉండేవాళ్ళు. కాపలా కాయమని వాళ్ళకెవరూ చెప్పలేదు, వాళ్ళ బతుకు వాళ్ళు బతుకుతుంటే అదే కాపలా అయింది.

"మరి పైకి మెట్లేవి?" అని అడిగాను, నాకెక్కడా కనిపించలేదు. ఆయన షట్టర్‌లో కుడివైపు చివర చూపించారు. అక్కడ సన్నటి తలుపు, దాని వెనక మెట్లు ఉండేవట. కాపురాలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాక, షాపు ముఖం వెడల్పు చేసుకోవడానికి ఆ మెట్లు కొట్టేశారు. ఇప్పుడు పైకి వెళ్ళాలంటే షాపు లోపలి నుంచే దారి, పై గదుల నిండా అట్టపెట్టెలు. ఇంక రేపు ఎవరైనా అక్కడ కాపురం ఉంటామన్నా వీధిలోంచి వాళ్ళ ఇంటికి దారే లేదు.

ఇది నన్ను ఇంటికొచ్చేదాకా వదల్లేదు. ఎన్నో నగరాల పాత బజార్లలో పైఅంతస్తులు ఇలాగే పోయాయి. నేల మీది స్థలానికి వచ్చే అద్దె ముందు పైన ఒక కుటుంబం ఇచ్చే అద్దె ఎంతని, మెట్లకి జాగా వదిలితే నష్టమే అనిపిస్తుంది ఓనరుకి. పైగా మళ్ళీ కాపురాలు పెట్టాలంటే అగ్నిప్రమాదాల నిబంధనల ప్రకారం విడిగా దారి చూపించాలి, అది ఖర్చు, దానికన్నా పెట్టెలు పెట్టుకోవడం తేలిక. ఎవరూ దుర్మార్గం చేయలేదు. అయినా వీధి మొత్తం ఖాళీ అయిపోయింది.

లండన్ మధ్యలో అసలు పాత నగరం, సిటీ ఆఫ్ లండన్ అంటారే, చదరపు మైలుకి కాస్త ఎక్కువ ఉంటుంది, అక్కడ 1851లో లక్షా పాతిక వేలకి పైగా మనుషులు కాపురం ఉండేవాళ్ళు. 1863లో భూగర్భ రైలు మొదలైంది, ఆ తర్వాత రైళ్ళు పెరుగుతున్నకొద్దీ దూరంగా ఇల్లు తీసుకుని పనికి మాత్రం నగరంలోకి రావడం సాధ్యమైంది, వదిలిపెట్టిన ఇళ్ళ చోట బ్యాంకులూ గిడ్డంగులూ లేచాయి. ఆ మీదట రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు. 1951 జనాభా లెక్కల్లో మిగిలింది 5,324 మంది, అందులో క్రిపుల్‌గేట్ అనే వార్డులో 48 మంది. ఒక వార్డు మొత్తానికి 48! ఆ 48 మందికి సాయంత్రాలు ఎలా గడిచేవో అని ఆలోచిస్తూ కూర్చున్నాను చాలాసేపు. పగలు లక్షల మంది గుమస్తాలు కింద తిరుగుతూ, సాయంత్రం స్టేషన్ల వైపు వెళ్ళిపోతుంటే, వీళ్ళు కిటికీలోంచి చూస్తూ ఉండి ఉంటారు. ఆ బాంబులు పడ్డ చోటే తర్వాత బార్బికన్ అనే పెద్ద ఇళ్ళ సముదాయం కట్టారు, 1965 నుంచి 1976 దాకా పట్టింది. నగరానికి నివాసులు కావాలని అక్కడి పాలకులే అనుకుని కట్టిన ఇళ్ళు అవి. ఇంత చేసినా 2021లో ఆ నగరంలో ఉన్నది దాదాపు 8,600 మంది. ఒకసారి ఖాళీ అయ్యాక తిరిగి నిండటం ఎంత నిదానమో దీన్ని బట్టే తెలుస్తోంది.

నగరాల గురించి రాసిన జేన్ జేకబ్స్ అనే రచయిత్రి 1961లోనే న్యూయార్క్‌లోని మన్‌హట్టన్ దక్షిణపు కొస గురించి ఇదే బాధపడింది: ఆఫీసులు వదిలాక అక్కడ చడీచప్పుడు ఉండదని, రకరకాల పనుల మీద రకరకాల వేళల్లో మనుషులు బయటికొస్తేనే వీధి బతుకుతుందని. వీధిని చూసే కళ్ళు కావాలంది. నాకు ఇవాళ ఆ మాట ఒంటికి తెలిసింది. దీపం వీధిని చూపిస్తుంది తప్ప వీధిని చూడదు. నాకు ధైర్యం రావాలంటే ఎక్కడో ఒక కిటికీలో లైటు, లోపల గిన్నెల చప్పుడో టీవీ చప్పుడో ఉండాలి, పైనుంచి ఒక గొంతు వినపడాలి.

నగరాల వాళ్ళు సాయంత్రాలు కళకళలాడాలని హోటళ్ళు, లైట్లు, వారాంతం సంబరాలు పెడుతుంటారు. పెట్టనీ, నాకూ ఇష్టమే. కానీ అవి చూడటానికి వచ్చిన జనం ఆటవిడుపుకి వచ్చినవాళ్ళు, పదింటికి కార్లు తీసుకుని వెళ్ళిపోతారు. మంగళవారం రాత్రి వానలో ఎవరు కనిపిస్తారు ఆ వీధిలో? అక్కడ ఇల్లున్నవాళ్ళు మాత్రమే, తలనొప్పి మాత్ర కోసమో, బల్బు మాడిపోయిందనో, ఇంట్లో పోట్లాడి కాసేపు గాలి కోసమో దిగినవాళ్ళు. సాయంత్రం అంటే నాకు అదే, పనేమీ లేకుండా కిందికి దిగగలగడం.

జనం ఉన్నంత మాత్రాన చాలదనడానికి వెనిస్ ఉంది. ఆ పాత నగరంలో 1951లో సుమారు లక్షా డెబ్భై అయిదు వేల మంది ఉండేవాళ్ళు, 2022లో యాభై వేల లోపుకి పడిపోయారు. రియాల్టో వంతెన దగ్గర ఒక మందుల షాపు అద్దంలో 2008 నుంచి ఒక ఎలక్ట్రానిక్ బోర్డు ఉంది, ఇంకా ఎంతమంది నివాసులు మిగిలారో అందులో అంకె కనపడుతుంది. దాని ముందు నుంచి రోజూ వేలమంది పర్యాటకులు నడిచి వెళ్తుంటారు. ఇళ్ళు వాళ్ళకి రోజువారీ అద్దెకి పోతే, ఊళ్ళోవాళ్ళకి అద్దె అందదు. వాళ్ళు వెళ్ళిపోతే బడిలో పిల్లలు తగ్గుతారు, చెప్పులు కుట్టే అతను మూసేస్తాడు, తాళాలు బాగుచేసే అతను మూసేస్తాడు, మిగిలినవాళ్ళకి ఒక మేకు కొనాలన్నా దూరం పోవాల్సి వస్తుంది, అప్పుడు వాళ్ళూ వెళ్ళిపోతారు. పెద్దాయన వాళ్ళు కూడా వెళ్ళింది అందుకే. "అద్దె పెంచారని కాదమ్మా, బడి ఎత్తేశారు, చెల్లెలిని ఎక్కడ చేర్పించాలి?" అన్నారు.

అలాగని అంతా అయిపోయిందని నేను అనుకోను. మెల్‌బోర్న్ నడిబొడ్డులో 1990ల మొదట్లో వెయ్యి ఇళ్ళు కూడా లేవు. 1992లో అక్కడి నగరపాలక సంస్థ, అప్పటి మాంద్యంలో ఖాళీ పడ్డ ఆఫీసు భవనాలను ఇళ్ళుగా మార్చేవాళ్ళకి సాయం చేస్తామని ముందుకొచ్చింది. పదేళ్ళలో ఇళ్ళు ఎన్నో రెట్లయ్యాయి, రాత్రిపూట వీధుల్లోకి మనుషులొచ్చారు. ఆ తర్వాత అక్కడ లేచిన ఎత్తయిన టవర్ల మీద నాకు అనుమానాలున్నాయి, కొనిపెట్టి తాళం వేసుకున్న ఫ్లాటు కూడా చీకటి కిటికీయే. కాపురం చేసేవాళ్ళకి అందే అద్దె, నడిచి వెళ్ళే దూరంలో బడి, వీధిలోకి తెరుచుకునే తలుపు, ఈ మూడూ లేకుండా ఎన్ని అంతస్తులు లేపినా అది వీధి అవదు.

మా నగరపాలక సంస్థ పాత బజారు వీధుల ప్లాను మీద సూచనలు అడుగుతోంది, ఈ నెలాఖరు దాకా గడువు. ప్లానులో దీపాలు, బెంచీలు, రాళ్ళు పరచడం ఉన్నాయి, మనుషులు ఉండటం గురించి ఒక్క ముక్క లేదు. షాపుల మీది మెట్లు మళ్ళీ కట్టుకునేవాళ్ళకి పన్ను తగ్గించమని, ఇంకెవరూ మెట్లు కొట్టేయకుండా చూడమని రాస్తున్నాను. పెద్దాయన కూడా సంతకం పెడతానన్నారు. రేపు భోజనాల వేళ ఆయనతో కూర్చుని ఆ వీధిలో ఏ మేడ మీద ఎన్ని కాపురాలుండేవో, మెట్లు ఎటువైపు ఉండేవో ఒక పటం గీయించి దానికి జతచేయాలి.