ఐఎల్ఎస్ సూదులతో నా తిప్పలు: ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ అనుభవం

మొన్ననే ఫ్లోరిడాలో ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయటేమీ కనబడకపోయినా పరికరాలు చూసి విమానం నడిపే అర్హత) చెక్‌రైడ్, అంటే విమానంలో పెట్టే ఆఖరి పరీక్ష, పాసయ్యాను. మన ఊళ్ల నుంచి ట్రైనింగ్‌కి వచ్చే పిల్లలు అడుగుతున్నారు కాబట్టి వేడి మీదున్నప్పుడే రాసేస్తున్నా.

రాతపరీక్ష గురించి బెంగ వద్దు. 70 శాతం వస్తే చాలు, ప్రశ్నల బ్యాంకు బాగా తిరగేస్తే గట్టెక్కుతారు. రేడియోలో మాట్లాడటం, హోల్డింగ్ (చెప్పేదాకా ఒకేచోట చుట్లు కొట్టడం) లాంటివి చేయగా చేయగా వాటంతటవే వస్తాయి. నన్ను ఏడిపించింది ఐఎల్ఎస్, అంటే రేడియో సంకేతాలతో విమానాన్ని రన్‌వే దాకా దించే ఏర్పాటు.

పుస్తకంలో చదివితే ఇంత సులువైనది లేదు. రన్‌వే అవతలి చివర లోకలైజర్ యాంటెన్నా ఉంటుంది. మనం మధ్యగీతకు ఎడమన ఉన్నామో కుడిన ఉన్నామో అది చెబుతుంది. రన్‌వే పక్కనున్న గ్లైడ్ స్లోప్ యాంటెన్నా 3 డిగ్రీల వాలుకు పైన ఉన్నామో కింద ఉన్నామో చెబుతుంది. విమానంలో ఒక్కోదానికీ ఒక్కో సూది, ఆ రెండు సూదులూ మధ్యలో ఉంచుకుంటూ దిగడమే పని.

ఇక ఆచరణకొస్తే, బయటేమీ కనబడకుండా కళ్లద్దాలు తగిలించి డేటోనా బీచ్ 7 లెఫ్ట్ రన్‌వేకి తీసుకెళ్లేవారు. సూది కుడికి జరిగితే నేను కుడికి తిరిగేవాణ్ణి, అది వెంటనే ఎడమకు పారిపోయేది. దగ్గరికొచ్చేకొద్దీ మరీ అన్యాయం. పది మైళ్ల దూరంలో సూది పూర్తిగా పక్కకు పోవాలంటే దాదాపు అర మైలు తప్పుకోవాలి. రన్‌వే మొదట్లో 350 అడుగులు చాలు. నా మొదటి ఇన్‌స్ట్రక్టర్ మహానుభావుడు పక్కన కూర్చుని "సూది వెంట పడకు" అని అరవడమే గానీ, మరేం చేయాలో ఒక్క ముక్క చెప్పలేదు. పైగా అందరూ కూర్చున్న గదిలో, "వీడు హైదరాబాద్‌లో ఆటో తోలినట్టు విమానం తోలుతున్నాడు" అని నవ్వించాడు. మాది గుంటూరు రా బాబూ అని అనాలనిపించింది. వాడి మీటరు గంటలెక్కన తిరుగుతూనే ఉంది, డాలర్లలో.

పట్టుబట్టి ఇన్‌స్ట్రక్టర్ని మార్పించుకున్నా. ఈయన ఎయిర్‌లైన్‌లో రిటైరైన పెద్దాయన. మొదటిరోజే ఆ రెండు సూదుల మీద పసుపు స్టిక్కర్ కాగితం అతికించేశాడు! "హెడింగ్ 075 పట్టుకో, నిమిషానికి 450 అడుగుల చొప్పున దిగు, ఇంకేం చూడకు" అన్నాడు. హెడింగ్ అంటే విమానం ముక్కు చూసే దిశ, డిగ్రీల్లో. రన్‌వే దిశ సుమారు 070, దక్షిణపు గాలికి ఆ 5 డిగ్రీలు. 90 నాట్ల గ్రౌండ్ స్పీడును (నేలతో పోల్చిన వేగాన్ని) 5తో గుణిస్తే ఆ 450. కాసేపాగి కాగితం పీకితే రెండు సూదులూ దాదాపు మధ్యలో ఉన్నాయి. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంత చిన్న విషయానికా అంత డబ్బు తగలేయించారు! ఆ తర్వాత సూది జరిగితే హెడింగ్ రెండు మూడు డిగ్రీలు మార్చి ఆగడం, అంతే.

కాబట్టి తిట్టే ఇన్‌స్ట్రక్టర్ దొరికితే మొహమాటపడకుండా మార్పించుకోండి. మనవాళ్లకు ఈ మొహమాటం ఒక జబ్బు.

చెక్‌రైడ్ రోజు కంట్రోలర్ నన్ను ఆలస్యంగా తిప్పాడు. ఎత్తు ఎక్కువైపోయింది, గ్లైడ్ స్లోప్ సూది అడుక్కి పోయింది. ముక్కు దించి పైనుంచి దాన్ని పట్టుకోబోతే ప్రమాదం, పైన 9 డిగ్రీల దగ్గర దొంగ గ్లైడ్ స్లోప్ (అసలుదానిలా కనిపించే తప్పుడు సంకేతం) కూడా ఉండొచ్చు. "కుదరదు, మళ్లీ వెక్టర్లు ఇవ్వండి" అన్నాను, అంటే ఎటు తిరగాలో మళ్లీ మొదటినుంచి చెప్పమని. పక్కన ఎగ్జామినర్ మొహం గంటు పెట్టుకున్నాడు, నాకు లోపల ఒకటే టెన్షన్. రెండోసారి కింది నుంచి కలిశాను. సూది ముప్పావు వంతు దాటితే ఫెయిల్, నాది పావు కూడా దాటలేదు. గొప్ప చెప్పుకుంటున్నాననుకున్నా సరే. నేల 200 అడుగుల దూరంలో ఉందనగా "రన్‌వే కనబడలేదనుకో" అన్నాడు. ఫుల్ పవర్ ఇచ్చి పైకి లేపేశా.

ఎగ్జామినర్ ఫీజు వేరే, ముందే దాచుకోండి. స్కూల్లో నా ఖాతాలో మిగిలిన డబ్బు మాత్రం ఇంకా వెనక్కి రాలేదు. మెయిల్ పెడితే "అకౌంట్స్ వాళ్లు చూస్తున్నారు" అని జవాబు.